ఆఫీసు దారిలోనే, రెండు సందులు లోపలికి

పాపకు ఏడాది నిండేసరికి చాలామంది ఉద్యోగస్తుల ఇళ్లలో ఒకే మాట మొదలవుతుంది. ఈ మెయిన్ రోడ్డు మీద ఇక మన వల్ల కాదు, ఎక్కడైనా ప్రశాంతంగా ఉండే చోటికి మారిపోదాం అని. ఆ కోరికలో తప్పేమీ లేదు. రాత్రి పదకొండింటికి కూడా హారన్లు మోగే గదిలో పసిపిల్లలు నిద్రపోరు. వాళ్లు నిద్రపోకపోతే మర్నాడు తొమ్మిదిన్నర మీటింగ్‌లో మీ బుర్ర పనిచేయదు. మీ ఇంట్లో పాప పడుకుందా లేదా అని చూసుకుని రిలీజ్ డేట్లు, క్వార్టర్ టార్గెట్లు ఆగవు. అందుకే ఇల్లు మారడాన్ని ఇంటి సరదాగా చూడకండి. ఉద్యోగం నిలబెట్టుకోవడంలో అదీ ఒక భాగమే.

పొరపాటు జరిగేది ఆ తర్వాతి అడుగులో. ప్రశాంతత అనగానే చూపు ఊరి చివరకు పోతుంది. ఆదివారం మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ కారేసుకుని వెళ్తారు. ఖాళీ రోడ్డు, వేపచెట్లు, మంచి గాలి, ఇప్పుడిస్తున్న దానికన్నా తక్కువ అద్దె. అప్పటికప్పుడే టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేస్తారు. మూడు నెలలు తిరిగేసరికి ఒకరు పాప లేవకముందే బయల్దేరి, పడుకున్నాక ఇల్లు చేరుతుంటారు. రెండోవారు పిల్లనూ ఉద్యోగాన్నీ ఒంటిచేత్తో మోయలేక రిజైన్ చేయడం గురించి ఆలోచిస్తుంటారు. మంచి పనిమంతులు, ప్రమోషన్‌కు ఒక్క అడుగు దూరంలో ఉన్నవాళ్లు ఇలా తప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఎక్కువ సందర్భాల్లో తప్పుకున్నది ఆ ఇంటి ఆడమనిషే. ఇల్లు ఎంచుకునేటప్పుడు ఈ సంగతి భార్యాభర్తలిద్దరూ నోరు విప్పి మాట్లాడుకోవాలి.

నేను హైదరాబాద్ లెక్కలతో చెప్తాను, నాకు బాగా తెలిసిన ఊరు కాబట్టి. ఈ ఊళ్లో సద్దు ఏరియాను బట్టి కన్నా సందును బట్టి మారుతుంది. కొండాపూర్‌లో మెయిన్ రోడ్డు మీది ఫ్లాట్‌కూ, అక్కడి నుంచి రెండు మలుపులు లోపలికి వెళ్లాక, అవతలి వైపు దారి లేని వీధిలో ఉన్న ఫ్లాట్‌కూ పోలికే లేదు. అదే ఊరి చివర ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకుని కట్టిన గేటెడ్ కమ్యూనిటీలో పగలు పిట్టల కూతలు వినిపించినా, రాత్రి లారీల మోత తెల్లవార్లూ ఉంటుంది. అందుకే నా సలహా ఒకటే. ప్రశాంతత కోసం ఆఫీసుకు దూరంగా పోకండి. ఆఫీసు దారిలోనే ఉండి, లోపలి సందులు వెతకండి.

దూరం ఖరీదు ఎంతో ముందు కాగితం మీద పెట్టి చూడండి. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉందనుకుందాం. ఎనిమిది కిలోమీటర్ల లోపు ఇంటికి అద్దె 33 వేలు, పాతిక కిలోమీటర్ల అవతల అలాంటి ఇంటికే 24 వేలు. నెలకు తొమ్మిది వేలు మిగులుతాయని సంతోషిస్తాం. ఇప్పుడు 22 పనిదినాల లెక్క వేద్దాం. దూరం ఇంటికి రానూపోనూ 50 కిలోమీటర్లు, అంటే నెలకు 1,100. ఈ ట్రాఫిక్‌లో కారు లీటరుకు 12 ఇచ్చినా, లీటరు 107 రూపాయల చొప్పున సుమారు 9,800 అవుతుంది. దగ్గరి ఇంటికి 352 కిలోమీటర్లు, సుమారు 3,100. పెట్రోల్‌లోనే 6,700 పోయింది. తొమ్మిది వేలలో చేతిలో మిగిలేది 2,300. రెండోవారిదీ అదే రూటైతే, ఇద్దరూ వేర్వేరు బండ్లలో వెళ్తే అదీ మిగలదు.

డబ్బు కన్నా టైమ్ లెక్క ఇంకా గట్టిది. ఒకవైపు గంటన్నర చొప్పున నెలకు 66 గంటలు. ఒకవైపు నలభై నిమిషాలైతే 29 గంటలు. తేడా 37 గంటలు, అంటే నాలుగు పూర్తి పనిదినాల కన్నా ఎక్కువ. ఆ 37 గంటలూ మీ ఆఫీసు పని నుంచి పోవు. పాపతో గడిపే టైమ్‌లోంచి, మీ నిద్రలోంచి, కొత్త స్కిల్ నేర్చుకోవడానికి పెట్టుకున్న గంటలోంచి పోతాయి.

మాకు హైబ్రిడ్ కదా, వారానికి రెండు రోజులేగా వెళ్లేది అంటారు కొందరు. ఆ భరోసాతో ఇల్లు తీసుకోవద్దు. వర్క్ ఫ్రమ్ హోమ్ అన్న కంపెనీలే తర్వాత మూడు రోజులన్నాయి, ఆ తర్వాత చాలాచోట్ల అయిదు రోజులూ రమ్మన్నాయి. ఒక్క ఈమెయిల్‌తో పాలసీ మారుతుంది, మీ రెంటల్ అగ్రిమెంట్ మారదు. లెక్క అయిదు రోజులకే వేయండి. తక్కువ రోజులు వెళ్లాల్సి వస్తే అది అదనపు లాభం.

ఇద్దరి ఆఫీసులూ రెండు దిక్కుల్లో ఉంటే చాలామంది మ్యాప్ తీసి సరిగ్గా మధ్యలో చుక్క పెడతారు. న్యాయంగానే కనిపిస్తుంది కానీ ఇద్దరికీ ట్రాఫిక్ మిగులుతుంది. నేను అడిగేది వేరే ప్రశ్న: డేకేర్ నుంచి "పాపకు జ్వరం వచ్చింది, తీసుకెళ్లండి" అని మధ్యాహ్నం రెండింటికి ఫోన్ వస్తే, ముప్పావుగంటలో ఎవరు చేరగలరు? ఎవరి ఉద్యోగంలో లేచి వెళ్లడం కుదురుతుంది? మీలో ఒకరు బ్యాంకు కౌంటర్‌లోనో, హాస్పిటల్ డ్యూటీలోనో, స్కూల్లోనో ఉండి కదల్లేకపోతే, రెండోవారి ఆఫీసుకు దగ్గరగా ఇల్లూ డేకేరూ ఉండాలి. కదల్లేనివాళ్లు మెట్రోనో ఎంఎంటీఎస్‌నో పట్టుకుని దూరం వెళ్లడమే నయం. వాళ్లకు కావాల్సింది రోజూ ఒకే టైమ్‌కు చేరడం. అది రైలు ఇచ్చినట్టు కారు ఇవ్వదు. డేకేర్ మూసే టైమ్ కూడా ముందే కనుక్కోండి. ఏడింటికి మూసే చోట పిల్లను పెట్టి, ఆరున్నరకు యూఎస్ కాల్ మొదలయ్యే ప్రాజెక్ట్‌లో ఉంటే, వారానికి రెండుసార్లైనా ఇంట్లో గొడవ ఖాయం.

రైలు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మెట్రో బ్లూ లైన్ నాగోల్ నుంచి రాయదుర్గం దాకా ఒకే రైలు, ఎక్కడా మారక్కర్లేదు. ఆ దారిలో హబ్సిగూడ, తార్నాక ఉన్నాయి. ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఉస్మానియా లాంటి పెద్ద క్యాంపస్‌ల చుట్టూ పెరిగిన పాత కాలనీలవి. మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్ భరించలేనిదే, లోపలి వీధుల్లో మాత్రం చెట్ల నీడ ఇప్పటికీ ఉంది. హైటెక్ సిటీలో పనిచేసే వాళ్లకు రైల్లో ముప్పావుగంట పైనే పడుతుంది, కానీ ఆ టైమ్‌లో స్టీరింగ్ పట్టుకోనక్కర్లేదు. ఆఫీసు మాత్రం నానక్‌రామ్‌గూడలో ఉంటే జాగ్రత్త. రాయదుర్గంలో దిగాక ఆఖరి కిలోమీటర్లకు షటిల్ ఉందా, దాని టైమింగ్స్ ఏమిటి అన్నది తేలకుండా మెట్రోను నమ్ముకోవద్దు. పడమటి వైపే ఉండాలనుకుంటే నల్లగండ్ల హుడా లేఅవుట్, సెంట్రల్ యూనివర్సిటీ గోడల వెనక కాలనీలు, లింగంపల్లి దాటాక బీహెచ్‌ఈఎల్ చుట్టుపక్కల పాత లేఅవుట్లు చూడండి. ఉత్తరాన సైనిక్‌పురి, యాప్రాల్ పేరున్న ప్రశాంతమైన చోట్లు. అటు వెళ్లే ముందు రెండు అడగండి. కంటోన్మెంట్ లోపలి రోడ్లు మీరు తిరిగే టైమ్‌కు తెరిచి ఉంటాయా? హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ విమానాలు ఇంటి మీదుగా వెళ్తాయా? ఆఫీసు ఐటీ కారిడార్‌లో ఉన్నవాళ్లకు రోజూ అక్కడి నుంచి వచ్చిపొమ్మని నేను చెప్పను.

సందు దొరికాక అసలు పని మొదలు. ఇంటిని ఆదివారం మధ్యాహ్నం చూసి ఖరారు చేయవద్దు, ఆ టైమ్‌కు ఏ వీధైనా నిశ్శబ్దంగానే ఉంటుంది. పనిదినం ఉదయం ఎనిమిదిన్నరకు ఒకసారి వెళ్లి, అక్కడి నుంచి ఆఫీసుకు నిజంగా ప్రయాణం చేయండి. రాత్రి పదిన్నరకు ఇంకోసారి వెళ్లి వీధిలో కాసేపు నిలబడండి. వీలైతే గట్టి వాన పడ్డ మర్నాడు కూడా. ఏం వినాలో తెలిసి వినాలి. దగ్గర్లో వైన్ షాపు పర్మిట్ రూమ్ ఉందా, వీధిచివర స్పీడ్ బ్రేకర్ దగ్గర బండ్లు గేర్ మారుస్తున్నాయా, వెనకాల ఆటోమొబైల్ షెడ్ ఉందా. బ్రోకర్ ఇవేవీ చెప్పడు, ఇల్లు అద్దెకు పోతేనే అతనికి కమీషన్. వీధిమూల ఇస్త్రీ బండి దగ్గరో కిరాణా కొట్టు దగ్గరో అయిదు నిమిషాలు ఆగి అడగండి. ఏ ఇంట్లో ఎవరు ఎందుకు ఖాళీ చేశారో వాళ్లకు తెలుసు. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా చెప్తాడు, మీరు చూస్తున్న అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పకపోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయేది ఫంక్షన్ హాల్ దగ్గర. ఆషాఢంలోనో మూఢంలోనో ఇల్లు చూస్తే ఆ హాల్ గేటుకు తాళం వేసి ఉంటుంది, ఇంత ప్రశాంతమైన వీధి ఉందా అనిపిస్తుంది. శ్రావణం వచ్చీ రాగానే బ్యాండు, బరాత్, అర్ధరాత్రి జనరేటర్, తెల్లవారుజామున వంటసామాన్ల లారీలు, మీ గేటుకు అడ్డంగా అతిథుల కార్లు. మాఘ, ఫాల్గుణ, వైశాఖాల్లోనూ అదే వరస. బోనాలు, వినాయక చవితి మైకులు కొద్ది రోజులు ఉంటాయి, వీధంతా కలిసి చేసుకునే పండగలవి, పిల్లలకూ సంబరం. ముహూర్తాల సీజన్ మాత్రం ఏటా నెలల తరబడి ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో ఇంటి చుట్టూ అర కిలోమీటరు మేర "ఫంక్షన్ హాల్", "బాంక్వెట్", "గార్డెన్స్" అని వెతకండి. ఒకటి కనిపించినా ఆ ఇల్లు వదిలేయమనే నా సలహా. దానికి బదులు స్కూలు పక్క ఇల్లు దొరికితే, పగలు ఆఫీసుకు వెళ్లే జంటకు అది నిజంగా మంచి బేరం. పొద్దున గంటసేపు బస్సులు, ప్రేయర్ మైకు, అంతే. సాయంత్రాలు, రాత్రులు, వేసవి సెలవులు అన్నీ మీవే.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర సైలెన్స్ జోన్‌గా ప్రకటిస్తే పగలు 50, రాత్రి 40. రాత్రి పది తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగిస్తే డయల్ 112కు చెప్పొచ్చు. కానీ కాగితం మీది పరిమితిని నమ్ముకుని ఇల్లు తీసుకోవద్దు. ప్రతి పెళ్లికీ ఫోన్ చేస్తూ ఉద్యోగం చేయడం ఎవరి వల్లా కాదు. ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్ చూపే అంకె కచ్చితం కాకపోయినా, ఒకే ఫోన్‌తో ఒకే టైమ్‌కు రెండు ఇళ్ల బెడ్‌రూముల్లో కొలిస్తే పోలికకు పనికొస్తుంది. పది డెసిబెల్స్ తేడా వస్తే చెవికి దాదాపు రెట్టింపు సద్దు అన్నమాట.

ఇప్పుడున్న సద్దు వినగలం, రాబోయేది వినలేం. ఇంటి పక్క ఖాళీ స్థలం చూసి "గాలీ వెలుతురూ బాగున్నాయి" అని మురిసిపోతారు. హైదరాబాద్‌లో ఖాళీ స్థలమంటే ఇంకా మొదలుకాని కన్‌స్ట్రక్షన్ అనే అర్థం. పైగా ఇక్కడ ఫ్లోర్ స్పేస్‌కు మిగతా మహానగరాల్లాగా పరిమితి లేదు. 2012 నాటి జీవో 168 బిల్డింగ్ రూల్స్ కింద ఎత్తు ప్రధానంగా ముందున్న రోడ్డు వెడల్పును, స్థలాన్ని, చుట్టూ వదలాల్సిన ఖాళీని బట్టి తేలుతుంది. అంటే పక్క స్థలం వంద అడుగుల రోడ్డుకు ఆనుకుని, ఎకరాల్లో ఉంటే అక్కడ టవర్ లేస్తుంది. ముప్పై అడుగుల వీధిలో చిన్న ప్లాటైతే నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్ దగ్గర ఆగుతుంది. కోకాపేట నియోపోలిస్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. అంత పెట్టి కొన్నవాళ్లు అక్కడ మొక్కలు పెంచరు. పడమటి వైపు నేలలో గట్టి రాయి. సెల్లార్లు తవ్వాలంటే నెలల తరబడి రాయి కొట్టాలి, కొన్నిచోట్ల బ్లాస్టింగ్ చేయాలి. ఆ మోతకు కిటికీ అద్దాలు అదురుతాయి, దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రాత్రుళ్లు కాంక్రీట్ మిక్సర్ లారీలు తిరుగుతాయి. ఇప్పటికే కట్టడాలు పూర్తయిపోయిన, వీధి పొడవునా ఖాళీ ప్లాట్లు లేని పాత లేఅవుట్‌లో కాస్త పాతబడ్డ ఫ్లాట్ దొరికితే వదలకండి. టైల్స్ పాతవైనా, లిఫ్ట్ చిన్నదైనా సర్దుకోవచ్చు.

అదే బిల్డింగ్‌లో ఏ ఫ్లాట్ అన్నది కూడా ముఖ్యమే. పిల్లను పడుకోబెట్టే గది ఏదో ముందు నిర్ణయించి, ఆ గదిలో తలుపులేసుకుని నిలబడండి. గోడ అవతల లిఫ్ట్ ఉందా? కిటికీ కింద జనరేటర్, వాటర్ మోటార్, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నాయా? గేటుకు ఎదురు ఫస్ట్ ఫ్లోరైతే వేసవిలో తెల్లవారుజామున వచ్చే ట్యాంకర్ సద్దు మీ బెడ్‌రూమ్‌లోనే మొదలవుతుంది. అసలు ట్యాంకర్ ఎందుకు రావాలో కూడా అడగాలి. మంజీరా కనెక్షన్ ఉందా, బోర్ ఎండాకాలం ఎండిపోతుందా, నీళ్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసిందా విడిగానా. ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ ఎంత వచ్చిందో అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో చూపించమని ఓనర్‌నే అడగండి. తడుముకుంటే అర్థమైపోతుంది.

నైట్ షిఫ్ట్ వాళ్ల లెక్క పూర్తిగా వేరు. సాయంత్రం వెళ్లి తెల్లవారుజామున నాలుగింటికి వచ్చేవాళ్లకు కావాల్సింది పగటి నిశ్శబ్దం. ఇందాక మెచ్చుకున్న స్కూలు పక్క ఇల్లు వాళ్లకు పనికిరాదు. వాళ్లు ఉదయం పదింటికీ మధ్యాహ్నం రెండింటికీ వెళ్లి వీధి చూడాలి. ఇంకా ముఖ్యమైనది, కంపెనీ క్యాబ్ బౌండరీ. చాలా కంపెనీలు ఆఫీసు నుంచి ఇన్ని కిలోమీటర్ల లోపే పికప్, డ్రాప్ ఇస్తాయి. ఆ గీతకు ఒక వీధి అవతల ఇల్లు తీసుకుని, చీకట్లో క్యాబ్ దింపే నోడల్ పాయింట్ నుంచి ఆటో వెతుక్కోవాల్సి వచ్చినవాళ్లున్నారు. టోకెన్ ఇచ్చే ముందే ఆ అడ్రస్ ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కు పంపి, వస్తుందని రాతపూర్వకంగా తెప్పించుకోండి.

వాన సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2020 అక్టోబర్‌లో కురిసిన వానకు టోలిచౌకి నదీమ్ కాలనీ లాంటి చోట్ల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నిశ్శబ్దంగా, చవకగా దొరికే కొత్త కాలనీల్లో కొన్ని పాత చెరువుల శిఖంలోనో, నాలాల దారిలోనో వేసినవే. అద్దెకైతే పార్కింగ్ గోడల మీద పాత నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూస్తే చాలు. కొనేవాళ్లు మాత్రం హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాప్‌లో ఎఫ్‌టీఎల్ గీతను, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దును, చూడాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు కట్టడాలు కూడని బఫర్. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఈ గీతలకు విలువ పెరిగింది. కట్టినవాడు వెళ్లిపోతాడు, ఈఎంఐ మీ పేరునే నడుస్తుంది. జంట జలాశయాల వైపు మొయినాబాద్, శంకర్‌పల్లి దారుల్లో పచ్చదనం చూసి ఫామ్ ప్లాట్ కొనే ముందు, ఆ జలాశయాల రక్షణకు కట్టడాలపై ఆంక్షలు పెట్టిన 1996 నాటి జీవో 111 కింది 84 గ్రామాల్లో అది ఉందేమో లాయర్‌తో తేల్చుకోండి.

కొనడానికి తొందరపడవద్దనే చెప్తాను. చిన్నపిల్లలున్నప్పుడు మీకే తెలియని అవసరాలు ఏటా పుట్టుకొస్తాయి, ఉద్యోగం మూడేళ్లలో మారొచ్చు. నచ్చిన చోటే ముందు అద్దెకు ఉండండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక పెళ్లిళ్ల సీజన్ గడిచాక ఆ వీధి గురించి మీకు తెలిసేది ఏ బ్రోషర్‌లోనూ దొరకదు. ఆఫీసులు మారినంత తేలిగ్గా స్కూలు మారదు కాబట్టి, పాప మూడేళ్లు దాటుతుంటే స్కూలు ముందు, ఇల్లు తర్వాత. నర్సరీ అడ్మిషన్లు చాలా స్కూళ్లలో ముందు ఏడాది చివర్లోనే మొదలవుతాయి. జూన్‌లో ఇల్లు మారి అప్పుడు స్కూలు వెతుకుతానంటే మిగిలిన సీటే దొరుకుతుంది. అడ్మిషన్ ఫీజు కట్టే ముందే ఆ రూటులో స్కూల్ బస్సు మీ వీధి మూలకు వస్తుందా, మెయిన్ రోడ్డు మీదే ఆపుతుందా అన్నది కూడా అడగండి. ఎల్‌కేజీ పిల్లను పొద్దున ఏడుంబావుకు మెయిన్ రోడ్డు దాటించాల్సి వస్తే ప్రశాంతమైన సందు సుఖం అక్కడే పోయినట్టు.

అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకు రాస్తారు. నెలల సంఖ్య కన్నా లాక్-ఇన్ క్లాజు చదవండి. ఆరు నెలల్లోపు ఖాళీ చేస్తే అడ్వాన్స్ మొత్తం పోతుందని రాసి ఉంటే, సద్దు భరించలేక పారిపోదామన్నా కుదరదు. దాన్ని మూడు నెలలకు తగ్గించమనండి, నోటీసు పీరియడ్ ఒక్క నెల చాలనండి. పక్కనే కన్‌స్ట్రక్షన్ పని మొదలైతే, లేదా బోర్ ఎండితే పెనాల్టీ లేకుండా వెళ్లిపోవచ్చని ఒక వాక్యం రాయించుకోండి. ఒప్పుకునే ఓనర్లు ఉన్నారు, అడిగేవాళ్లే తక్కువ. పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ చూపించేవాళ్లు ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ ఇవ్వాలని అప్పుడే చెప్పేయాలి. జనవరిలో ప్రూఫ్‌లు పెట్టేటప్పుడు అడిగితే తప్పించుకు తిరుగుతారు.

మారే తేదీని అప్రైజల్ వారంలోనో, గో-లైవ్ ముందో పెట్టుకోవద్దు. కొత్త చోట పిల్లలు మొదటి కొన్ని రాత్రులు పడుకోరు, పనిమనిషి కుదరడానికీ, ఇంటర్నెట్ కనెక్షన్ రావడానికీ టైమ్ పడుతుంది. మేనేజర్‌కు నెల ముందే చెప్పి, శుక్రవారంతో కలిపి మూడు రోజులు తీసుకోండి. ఆ మూడు రోజుల్లో మొదటి పని సామాన్లు సర్దడం కాదు. మీరు ఆఫీసులో ఉన్న టైమ్‌లో డేకేర్‌కు పది నిమిషాల్లో నడిచి వెళ్లగల పొరుగువారిని ఒకరిని పరిచయం చేసుకుని, వాళ్ల నంబర్ డేకేర్ ఫారంలో మూడో కాంటాక్ట్‌గా వాళ్ల అనుమతితో రాయించండి.